మ్యాన్‌హోల్‌లో చంపేది గాలి

మ్యాన్‌హోల్‌లోకి దిగుతున్న మనిషి పడిపోయాడంటే కాలు జారి ఉంటుందనుకుంటాం. చాలాసార్లు ముందు స్పృహ తప్పుతుంది, పడిపోవడం ఆ తర్వాత. లోపల నీళ్ళు మోకాలి దాకా కూడా ఉండకపోవచ్చు.

మనం పీల్చే గాలిలో ఆక్సిజన్ దాదాపు 21 శాతం. 10 శాతం కంటే తగ్గితే ఊపిరాడటం లేదన్న సంగతి తెలియకుండానే మనిషి కూలిపోవచ్చు. ఎందుకంటే ఆ ఉక్కిరిబిక్కిరిని పుట్టించేది ముఖ్యంగా ఒంట్లో పేరుకునే కార్బన్ డయాక్సైడ్. ఆక్సిజన్ లేని గాలిలోనూ దాన్ని బయటికి వదిలేస్తూనే ఉంటాం కాబట్టి శరీరం మనల్ని హెచ్చరించదు. మురుగు లేని, నేల కింద కేబుళ్ళుండే గదిలో కూడా ఇలా జరగొచ్చు. చెమ్మకు ఇనప మెట్లు తుప్పు పడుతూ ఉన్న ఆక్సిజన్‌ని లాగేసుకుంటాయి.

మురుగు ఉన్నచోట హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు కూడా తోడవుతుంది. బురదలో, గాలి అందని చోట బతికే బ్యాక్టీరియా దాన్ని తయారుచేస్తుంది. పైనుంచి చూస్తే బురద కదలకుండా ఉంటుంది. కాలు పెట్టగానే సోడా మూత తీసినట్టు బుడగలు తన్నుకొస్తాయి. కుళ్ళిన కోడిగుడ్డు వాసన. పది లక్షల పాళ్ళ గాలిలో ఒక పాలు కన్నా తక్కువున్నా ముక్కు పసిగట్టేస్తుంది. 100 పాళ్ళు దాటేసరికి ముక్కు మొద్దుబారి వాసన ఆగిపోతుంది. లోపలున్న మనిషి గ్యాస్ పోయిందనుకుంటాడు! 1000 పాళ్ళయితే ఒకటి రెండు శ్వాసల్లోనే కుప్పకూలిపోతాడు.

దీపం దించి చూసే పద్ధతిని దయచేసి నమ్మకండి. ప్రాణం తీసేంత హైడ్రోజన్ సల్ఫైడ్‌లోనూ దీపం వెలుగుతుంది. ఇక గాలిలో మీథేన్ అనే మండే వాయువు 5 నుంచి 15 శాతం మధ్య ఉంటే ఆ దీపానికే పేలుతుంది. గాలిలో ఏ వాయువు ఎంతుందో కొలిచే గ్యాస్ మీటర్‌నే దించి పైన, మధ్యలో, అడుగున విడివిడిగా చూడాలి. మనిషి లోపలున్నంతసేపూ అది పనిచేస్తూనే ఉండాలి, బురద కదిలాక లెక్క మారిపోతుంది కాబట్టి.

నన్ను ఎక్కువ బాధపెట్టేది రెండో మనిషి చావు. తోటివాడు పడిపోతే పైనున్నవాడు ఆగలేడు, దిగేస్తాడు. అదే గాలి పీలుస్తాడు. ఇలాంటి మూసిన చోట్ల చనిపోయినవారిలో 60 శాతానికి పైగా కాపాడబోయినవాళ్ళేనని అమెరికా ప్రభుత్వ సంస్థ నయోష్ 1986లో చెప్పింది. ఆ తెగువను ఎవరం తప్పుపట్టలేం. కానీ దిగే మనిషికి ముందే హార్నెస్ (ఒంటికి బిగించే పట్టీలు) కట్టి, దాని తాడును పైన మూడుకాళ్ళ స్టాండుకున్న వించ్‌కి (తాడు చుట్టే చక్రానికి) తగిలిస్తే, పైనున్నవాడు ఒక్క మెట్టు కూడా దిగకుండా చేత్తో తిప్పి అతన్ని బయటికి లాగగలడు.