తప్పున్నా లేకున్నా 8 లక్షలే

2023 అక్టోబర్ 29, ఆదివారం రాత్రి విజయనగరం జిల్లా కంటకాపల్లి దగ్గర పలాస ప్యాసింజర్‌ను వెనకనుంచి రాయగడ ప్యాసింజర్ గుద్దేసింది. 14 మంది చనిపోయారు. పాడైన రెండు ఆటోమేటిక్ సిగ్నళ్ల దగ్గర రాయగడ బండి నిబంధన పాటించకుండా ముందుకెళ్లిందని ప్రాథమిక విచారణలో తేల్చారు. ఇలాంటప్పుడు తనంతట తానే బ్రేకు వేసే ‘కవచ్’ ఆ లైన్లో లేదు. దాన్ని ఏళ్ల కిందటే పరీక్షించింది మన వికారాబాద్ వైపు పట్టాల మీదే!

అంటే ఆపగలిగిన ప్రమాదమే. మరి ఆ మాటకు చట్టంలో విలువెంత? పరిహారం లెక్కలో అయితే సున్నా.

దీని మూలం బ్రిటిష్ కాలంలో ఉంది. 1890 నాటి రైల్వే చట్టానికి 1943లో 82ఎ సెక్షన్ చేర్చారు. రైల్వే తప్పు ఉన్నా లేకున్నా పరిహారం ఇవ్వాలి, కానీ 10,000 రూపాయలు దాటకూడదు. నిర్లక్ష్యాన్ని రుజువు చేసే బాధ బాధితుడికి తప్పింది. బదులుగా మొత్తానికి కళ్లెం పడింది. 1989 చట్టంలోని 124వ సెక్షన్‌దీ ఇదే పద్ధతి. బండిలోంచి జారిపడటం లాంటివి 1994లో 124ఎ కింద చేరాయి. మరణానికి ఇచ్చే మొత్తం 1997లో 4 లక్షలు, 2017 జనవరి 1 నుంచి 8 లక్షలు అయింది. గాయాలకైతే ఏ అవయవం పోతే ఎంతో పట్టికే ఉంది.

అదే మనిషి బస్సు ప్రమాదంలో పోతే మోటారు ప్రమాదాల ట్రైబ్యునల్ వయసు, జీతం, ఆధారపడినవాళ్లు, అన్నీ చూసి లెక్కకడుతుంది. రైలు దగ్గరికొచ్చేసరికి పాతికేళ్ల కుర్రాడికీ పండు ముసలికీ ఒకటే రేటు. ఇది నాకు ఎప్పటికీ మింగుడుపడదు.

ప్రమాదం జరిగిన రాత్రే మంత్రులు ప్రకటించే ఎక్స్‌గ్రేషియా వేరు. అది ప్రభుత్వం దయతలచి ఇచ్చేది. 8 లక్షలు హక్కు. దానికి రైల్వే క్లెయిమ్స్ ట్రైబ్యునల్‌లో ఏడాదిలోగా దరఖాస్తు చేయాలి. ఆలస్యమైతే తగిన కారణం చూపించాలి.

టికెట్ దొరకలేదని వెనక్కి తగ్గనక్కర్లేదు. ప్యాసింజర్ బండి టికెట్ ఓ చిన్న కాగితం ముక్క, శవం జేబులో మిగులుతుందా? టికెట్ లేదన్న ఒక్క కారణంతో క్లెయిమ్ కొట్టేయకూడదని 2018లో రీనాదేవి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కుటుంబం అఫిడవిట్‌తో వివరాలు పెడితే, ఆ మనిషి టికెట్ లేకుండా ఎక్కాడని చూపించాల్సిన భారం రైల్వేదే.