ముందు దుప్పటి తీయండి: వడదెబ్బపై అపోహలు - వాస్తవాలు

మొన్న మే నెలలో ఒకరోజు మధ్యాహ్నం రెండున్నరకి మా క్యాజువాలిటీ ముందు ఆటో ఆగింది. యాభై దాటిన మనిషిని ముగ్గురు కలిసి మోసుకొచ్చారు. ఆటోనగర్‌లో ఏదో షెడ్డులో వెల్డింగ్ పని చేస్తాడట. మీద దుప్పటి కప్పి ఉంది. మే నెల, బెజవాడ, మధ్యాహ్నం రెండున్నర, దుప్పటి! తీసి నుదుటి మీద చెయ్యి పెడితే పెనం మీద పెట్టినట్టుంది.

"చలి పెడుతుందేమోనని కప్పామండీ. డోలో వేశాం, కక్కేశాడు. దార్లో ఆగి ఇంజెక్షన్ కూడా చేయించాం."

"పడిపోయి ఎంతసేపైంది?"

"గంటన్నర అయ్యుంటది సిస్టర్."

"నీళ్లేమైనా పోశారా ఒంటి మీద?"

ముగ్గురూ ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు. "అమ్మో, వేడి ఒంటి మీద నీళ్లా?"

ఆయన సంగతి చివరిదాకా దాచడానికి ఇదేం సీరియల్ కాదు. బతికాడు. కానీ కిడ్నీలు దెబ్బతిని డయాలసిస్ దాకా వెళ్లింది. ఆ గంటన్నరలో రెండు బకెట్ల నీళ్లు పోసుంటే అంతదాకా వచ్చేది కాదేమోనని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. షెడ్డులో బోరు కూడా ఉందట.

పదహారేళ్లుగా ఎమర్జెన్సీలో స్టాఫ్ నర్సుగా చేస్తున్నాను. ఉగాది వెళ్లిన దగ్గర్నుంచి రోహిణి కార్తె దాటేదాకా మాకు ఇదే వరస. 2015 మే గుర్తుందా? ఆంధ్ర, తెలంగాణల్లో కలిపి వెయ్యి మందికి పైగా వడగాలులకు పోయారు. ఆ నెలంతా మా వార్డులో ఐసు గడ్డల కోసం కొట్లాడుకున్నాం. బెజవాడని సరదాగా బ్లేజ్‌వాడ అంటుంటారు కదా, మనకి ఎండ కొత్త కాదు. అసలు తంటా అక్కడే ఉందేమో. ఎండ పాతదయ్యేసరికి ప్రతి ఇంట్లోనూ ఒక వడదెబ్బ డాక్టరు తయారయ్యాడు.

ఇక అన్నిటికన్నా ఎక్కువ ప్రాణాలు తీసే అపోహ ఇది: వడదెబ్బ అంటే గట్టి జ్వరం, మాత్ర వేసి, కప్పి పడుకోబెట్టి, ఆస్పత్రికి తీసుకెళ్తే సరిపోతుంది.

కాదు. జ్వరం వేరు, ఇది వేరు. జ్వరంలో ఒంట్లో వేడి పెంచమని మెదడే చెబుతుంది, రోగంతో పోరాడటానికి. ఇంట్లోవాళ్లే పొయ్యిలో మంట ఎగదోసినట్టు. పారాసిటమాల్ వెళ్లి ఆ మంట తగ్గించమని చెబుతుంది, తగ్గుతుంది. వడదెబ్బలో పొయ్యి ఎవరూ ఎగదొయ్యలేదు. ఇల్లే అంటుకుంది. మాత్ర ఎవరికి చెప్పాలి, ఏమని చెప్పాలి? పైగా అప్పటికే లివరు వేడికి ఉడుకుతూ ఉంటుంది, దాని మీద ఇంకో బరువు. ఆస్పిరిన్ అయితే ఇంకా చేటు, రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. అంటుకున్న ఇంటికి కావాల్సింది నీళ్లు. అంతే.

ఒంటి వేడి 104 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటి, మనిషి తేడాగా మాట్లాడుతున్నా, తూలుతున్నా, ఫిట్స్ వచ్చినా, స్పృహ తప్పినా వడదెబ్బ అనే అనుకోండి. థర్మామీటర్ కోసం వెతుక్కుంటూ కూర్చోవద్దు, చంకలో పెట్టి చూసిన లెక్క ఇలాంటప్పుడు తక్కువ చూపిస్తుంది కూడా. ఎండలోనో వేడి గదిలోనో ఉన్న మనిషి ఒళ్లు కాలుతూ, మాట తేడా వస్తే చాలు. మెదడు, కిడ్నీ, లివరు, కండరాలు ఎంతసేపు ఆ వేడిలో ఉంటే అంత నష్టం. అరగంటలోపు 102 దరిదాపులకు దించగలిగితే చాలామంది నడుచుకుంటూ ఇంటికెళ్తారు. ఆ అరగంట మా చేతుల్లో ఉండదు. మీ చేతుల్లో ఉంటుంది. బెంజి సర్కిల్ దగ్గర ట్రాఫిక్‌లోనే అయిపోతుంది.

అందుకే ముందు చల్లబరచండి, తర్వాత తరలించండి. 108కి ఫోన్ చేయండి, అది వచ్చేలోపు నీళ్లు పోస్తూనే ఉండండి.

"నీళ్లు పోస్తే జన్ని కమ్ముద్ది" (అంటే ఫిట్స్ వస్తాయని) అనే మాట నేను మొదటిసారి విన్నది ఆస్పత్రిలో కాదు, మా ఇంట్లో. అప్పుడు నేను ఇంటర్ చదువుతున్నా. మా బాబాయ్ గుంటూరు మిర్చి యార్డులో హమాలీ. మార్చి, ఏప్రిల్ నెలల్లో యార్డు ఎలా ఉంటుందో చూసినవాళ్లకి చెప్పక్కర్లేదు. గేటు బయటే దగ్గు మొదలవుతుంది. ఆ ఘాటులో, ఆ ఎండలో, వీపు మీద టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు. ఆ రోజు ఒంటిగంటప్పుడు బాబాయ్ మేస్త్రీని ఊరికే తిట్టడం మొదలుపెట్టాడట. కాసేపు నవ్వాడట. వేసిన టిక్కీనే మళ్లీ ఎత్తబోయాడట. పొద్దున్నే తాగొచ్చాడనుకుని ముఠావాళ్లు రేకుల కింద పడుకోబెట్టి పనిలోకి వెళ్లిపోయారు. మా బాబాయ్ జన్మలో చుక్క ముట్టలేదు.

ఇంటికి తీసుకొచ్చేసరికి కళ్లు పైకి తేలిపోయి ఉన్నాయి. మా నాయనమ్మ అరికాళ్లకి ఉల్లిపాయ రసం రుద్దుతోంది. నేను చెంబుతో నీళ్లు తెచ్చి పోయబోయాను. లాగేసుకుంది. "చంపుతావేందే పిల్లా, జన్ని కమ్ముద్ది!" చెంబు అరుగు మీద పడి దొర్లింది, నీళ్లు గచ్చు మీద పారి ఆరిపోయాయి. ఆస్పత్రికి వెళ్లేసరికి సాయంత్రమైంది.

బాబాయ్ బతికే ఉన్నాడు. కానీ మాట ముద్దగా వస్తుంది. నడిస్తే అడుగు పక్కకి పడుతుంది. చొక్కా గుండీలు ఇప్పటికీ పిన్నే పెడుతుంది, ఆయన వేళ్లు బొత్తాన్ని పట్టుకుంటాయి గానీ కాజాలోకి పోనివ్వలేవు. నడకని, తూకాన్ని చూసుకునే చిన్నమెదడు వేడికి త్వరగా మాడిపోతుందని నాకు నర్సింగ్ మూడో ఏడాదిలో తెలిసింది. బస్సెక్కితే జనం ఇప్పటికీ తాగాడనుకుని జరిగి కూర్చుంటారు.

నాయనమ్మని నేనేమీ అనను. ఆమె కళ్లతో చూసిందే చెప్పింది. వడదెబ్బలో ఫిట్స్ వస్తాయి. నీళ్లు పోసినా వస్తాయి, పోయకపోయినా వస్తాయి. పోసిన తర్వాత వచ్చినప్పుడు నింద నీళ్ల మీద పడింది. నీళ్లు పోస్తే పక్షవాతం వస్తుందనే మాటా అంతే. చల్లబరిచేటప్పుడు ఒణుకు రావచ్చు, దానికి భయపడి ఆపొద్దు, కప్పొద్దు. మనిషి లేచి "చాలు, పోయొద్దు" అని సరిగ్గా మాట్లాడేదాకా పోయండి.

ఎలా అంటారా? నీడలోకి లాగండి. చొక్కా, బనీను, చీర, ఏదైనా సరే వదులు చేయండి, పరువు తర్వాత చూసుకుందాం. తల నుంచి పాదాల దాకా తడపండి, విసరండి. ఫ్యాను, అట్టముక్క, టవలు, ఏదైనా. ఐసు దొరికితే గుడ్డలో చుట్టి మెడ పక్కన, చంకల్లో, గజ్జల్లో పెట్టండి. చెరుకు రసం బండి లేని సెంటరు మన దగ్గర ఎక్కడుంది? నుదుటి మీద తడిగుడ్డ ఒక్కటే వేసి ఊరుకుంటే అది ఓదార్పే గానీ వైద్యం కాదు. ఒక జాగ్రత్త: మధ్యాహ్నం మేడ మీద ట్యాంకు నీళ్లు మసులుతుంటాయి, చెయ్యి పెట్టి చూసి పోయండి. షాపుల్లో ఉండే 20 లీటర్ల క్యాను ఎత్తి గుమ్మరిస్తే ఇంకా మంచిది. నీళ్లు మరీ చల్లగా లేకపోయినా ఫర్వాలేదు, తడి ఒంటి మీద గాలి తగలాలి. మట్టి కుండలో నీళ్లు ఏ ఫ్రిజ్ పెడితే చల్లబడుతున్నాయి?

స్పృహ లేని మనిషి నోట్లో మాత్రం ఏమీ పోయొద్దు. గ్లూకోజు, మజ్జిగ, కొబ్బరి నీళ్లు, తీర్థం, ఏదీ. అది పొట్టలోకి పోదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. వేడి నుంచి గట్టెక్కి, పోసిన గ్లూకోజు నీళ్లతో న్యుమోనియా తెచ్చుకున్నవాళ్లని చూశాను. పక్కకి తిప్పి పడుకోబెట్టండి, చాలు.

దీనికి తోబుట్టువు లాంటి అపోహ ఇంకోటి ఉంది: "ఒక్క బాటిల్ ఎక్కించండి సిస్టర్, లేచి కూర్చుంటాడు." సెలైన్ అంటే మన జనానికి ఉన్న నమ్మకం అమ్మవారి మీద కూడా ఉండదు. నీరసించినవాళ్లకి, వాంతులవుతున్నవాళ్లకి అది కావాలి, నిజమే. కానీ ఒళ్లు కాలిపోతున్న మనిషిని సెలైన్ చల్లబరచదు. రేకుల గదిలో వేలాడే సీసా కూడా ఆ గదంత వేడిగానే ఉంటుంది కదా. పైగా గుండె జబ్బున్న ముసలివాళ్లకి చూసుకోకుండా గబగబా ఎక్కిస్తే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. దారిలో బాటిల్ పెట్టించి గంట గడిపి మా దగ్గరికి తెచ్చేవాళ్లని చూస్తే కోపం వస్తుంది, ఆ వెంటనే పాపం అనిపిస్తుంది. వాళ్లు ఊరికే కూర్చోలేదు, ఎవరో చెప్పినట్టు డబ్బు ఖర్చు పెట్టి మరీ చేశారు.

"చెమట పడుతోందిగా, వడదెబ్బ కాదులే" అనేది మూడోది. ఇంట్లో మంచాన పడ్డ పెద్దవాళ్లకి చర్మం పొడిబారొచ్చు. కానీ ఎండలో బరువు పని చేస్తూ పడిపోయినవాళ్ల ఒళ్లు చెమటతో తడిసి ఉన్నా అది వడదెబ్బే అవ్వొచ్చు. అసలు చెమట కారితే లాభం లేదు, ఆరాలి. ఆరితేనే వేడి పోతుంది. కృష్ణ ఒడ్డున ఉక్కపోత రోజు చొక్కా పిండితే నీళ్లు కారతాయి చూడండి, ఆ చెమటంతా దండగ. అందుకే రెంటచింతలలో 43 అని టీవీలో చూసి "మనకి 39యే కదా" అని ధైర్యపడొద్దు. ఆ లెక్క కూడా నీడలో, గాలాడే చెక్కపెట్టెలో చూసినది. తారు రోడ్డు మీద నిలబడ్డవాడికి ఆ పెట్టె లేదు.

ఎండలోకి వెళ్లకపోతే రాదనుకోవడం కూడా తప్పే. పై అంతస్తు గదిలో ఒంటరిగా ఉండే మామ్మగారు, కిటికీ మూసి, దొంగల భయంతో తలుపేసుకుని. పగలంతా కాగిన స్లాబు రాత్రి పన్నెండింటిదాకా వేడి కక్కుతూనే ఉంటుంది. పిల్లలు అమెరికాలో. పనమ్మాయి పొద్దున వచ్చేసరికి మాట తడబడుతుంటుంది, మతిమరుపు ముదిరిందనుకుంటారు. మీ అపార్ట్‌మెంట్లో అలాంటివాళ్లుంటే సాయంత్రం ఒకసారి బెల్లు కొట్టండి. బీపీకి వాడే నీటి మాత్రలు, కొన్ని మానసిక వైద్యం మందులు వేడిని తట్టుకునే శక్తి తగ్గిస్తాయి. అలాగని మీకు మీరే ఆపేయొద్దు, వేసవి రాగానే డాక్టర్ని ఒకసారి అడగండి.

ఇక మిగతావి గబగబా. జేబులో ఉల్లిపాయ: కూరలో వేసుకోండి. చల్లటి బీరు: ఒంట్లో నీటిని బయటికి తోడేస్తుంది. కూల్‌డ్రింకు: చక్కెర. మజ్జిగలో ఉప్పు, నిమ్మరసం: శుభ్రంగా తాగండి, దానికి సైన్సు సర్టిఫికెట్ అక్కర్లేదు. ఆరు నెలల్లోపు పసిపిల్లలకి నీళ్లు పట్టొద్దు, తల్లిపాలే ఎక్కువసార్లు ఇవ్వండి. ఏసీలోంచి ఎండలోకొస్తే పక్షవాతం రాదు. గాలి 40 దాటిన గదిలో పొడి ఒంటికి ఫ్యాను వేస్తే అది వేడిగాలే, ఒళ్లు తడుపుకుని వేసుకోండి. "పుట్టి పెరిగింది ఇక్కడే, నాకేం కాదు" అనేవాళ్లకి: ఒళ్లు ఎండకి అలవాటు పడటానికి వారం, రెండు వారాలు పడుతుంది. ఏసీ ఆఫీసులో ఏడాదంతా కూర్చుని, మే నెలలో పెళ్లి పందిట్లో వంటల దగ్గర నిలబడితే మీరూ కొత్తవాళ్లే.

ఓఆర్ఎస్ గురించి మాత్రం రెండు మాటలు ఎక్కువ చెప్పాలి. లీటరు ప్యాకెట్‌ని గ్లాసు నీళ్లలో కలిపి పిల్లాడికి పట్టించిన తల్లి మొన్ననే వచ్చింది. చిక్కగా ఉంటే బలమనుకుంది. ఉప్పు ఎక్కువై ప్రమాదం. ప్యాకెట్ మీద ఎన్ని నీళ్లని రాస్తే అన్ని నీళ్లు, మొత్తం ప్యాకెట్ ఒకేసారి. దొరక్కపోతే లీటరు నీళ్లలో ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు. అట్టపెట్టెల్లో అమ్మే తియ్యటి పానీయాలు ఓఆర్ఎస్ కావు. ప్రపంచ ఆరోగ్య సంస్థ (డబ్ల్యూహెచ్ఓ) ఫార్ములా ప్రకారం లేని పానీయాల పేర్లలో ఆ మాట వాడకూడదని కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2025 అక్టోబరులో ఆదేశాలిచ్చింది.

కిందటి వారం గొల్లపూడి వైపు నుంచి ఒక ఆటో వచ్చింది. స్లాబు పనిలో పడిపోయిన కూలీ అమ్మాయి, పాతికేళ్లు ఉండవు. ఆటో ఆగగానే లోపల్నుంచి నీళ్లు బయటికి కారుతున్నాయి. ఆటో డ్రైవరు, తోటి కూలీలు కలిసి పని దగ్గరే డ్రమ్ములో నీళ్లన్నీ గుమ్మరించారట. చాలక దారిలో చెరుకు రసం బండి దగ్గర ఐసు గడ్డ అడిగి తెచ్చి, తువ్వాల్లో చుట్టి మెడకి పెట్టారు. చంకలో ఇంకో ముక్క కరుగుతూ ఉంది. నేను చెయ్యి పట్టుకుని పేరు అడిగితే చెప్పింది. "నా చెప్పులెక్కడున్నయ్?" అని నన్నే అడిగింది.

ఆటో అతను మాత్రం బయట నిలబడి సీటు స్పాంజి పిండుకుంటున్నాడు. "ఇది ఆరాలంటే రెండ్రోజులు పట్టుద్ది సిస్టర్" అన్నాడు. లోపల్నుంచి రెండు పాత బెడ్‌షీట్లు తెచ్చి ఇచ్చాను.