నీలం గీత దాటాలంటే: రింగెట్ అమ్మాయిల గురించి పిల్లలకు ఉత్తరం

మాంక్టన్, కెనడా

ప్రియమైన పిల్లలకు,

మీలో చాలామంది బడిలో టెన్నికాయిట్ ఆడే ఉంటారు. ఆడకపోతే, అక్కలు ఆడుతుంటే చూసైనా ఉంటారు. ఆ రబ్బరు రింగు లాంటిదాన్నే మంచు మీద పెట్టి, కాళ్లకు స్కేట్లు వేసుకుని, చేతిలో కర్రతో ఆడితే ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఆ ఆట పేరు రింగెట్. నేను మా అమ్మాయి దగ్గర ఉంటున్న ఈ ఊళ్లో హాకీ గురించి మాట్లాడని మనిషి ఉండడు. ఇక్కడ హాకీ అంటే మంచు మీద ఆడేదే, మన ధ్యాన్‌చంద్ ఆడినది కాదు. రింగెట్ గురించి మాత్రం ఆడే పిల్లలున్న ఇళ్లలోనే మాట్లాడుకుంటారు. మా మనవరాలు ఆడుతుంది కాబట్టి శీతాకాలమంతా మా ఇంట్లో ఇంకో మాట ఉండదు. ఆ పిల్ల గది గోడ మీద అట్లాంటిక్ అటాక్ అనే ఆడవాళ్ల జట్టు ఫొటో ఉంది. ఆ జట్టు గురించే మీకు రాద్దామని కూర్చున్నాను.

ముందు ఆట చెబుతాను. అది తెలియకపోతే జట్టు సంగతి చప్పగా ఉంటుంది.

ఒక్కో జట్టుకు ఐదుగురు అమ్మాయిలు, వాళ్లు కాక ఒక గోలీ, అంటే గోల్ దగ్గర కాపలా ఉండే అమ్మాయి. హాకీ కర్రకు కింద వంకర ఉంటుంది, దీనికి ఉండదు. నిటారు కర్ర, చివర చిన్న మొన. ఆ మొనను రింగు చిల్లులో పెట్టి, మంచుకు నొక్కిపట్టి లాక్కుంటూ దూసుకుపోవాలి. ఎదుటి అమ్మాయి తన కర్రతో ఆ కర్రను కింది నుంచి పైకి లేపి రింగు జారిపోయేలా చేస్తుంది. కర్రను కొట్టొచ్చు, మనిషిని గుద్దకూడదు. ఒంటితో ఢీకొట్టి పడేస్తే రెండు నిమిషాలు బయట కూర్చోబెడతారు. హెల్మెట్‌కి ముఖం మీద ఉండే ఇనుప జాలీ కూడా హాకీ వాళ్లది పనికిరాదు. ఈ కర్ర మొన సన్నగా ఉంటుంది కదా, అది లోపలికి దూరకుండా కడ్డీలను వేరే రకంగా అమరుస్తారు.

అసలు కిటుకు నీలం గీతల దగ్గర ఉంది. మంచు మైదానానికి అడ్డంగా రెండు నీలం గీతలు గీసి దాన్ని మూడు భాగాలు చేస్తారు. రింగు పట్టుకొచ్చిన అమ్మాయి తనంతట తానే దాన్ని ఆ గీత దాటించకూడదు. గీతకు అవతల ఉన్న తన జట్టు అమ్మాయికి అందించి తీరాలి. జట్టులో మెరుపులా పరుగెత్తే పిల్ల ఒకతె ఉందనుకోండి, ఈ చివర నుంచి ఆ చివరికి ఒంటరిగా పోయి గోల్ కొట్టేసి చప్పట్లు కొట్టించుకోవడం ఇక్కడ కుదరదు. మధ్యలో కనీసం ఇంకొకరి చెయ్యి పడాలి. అంతేకాదు, గోల్ దగ్గరి భాగంలోకి ఒక్కో జట్టు నుంచి ముగ్గురికి మించి వెళ్లకూడదు, గోలీ కాక. కాబట్టి గుంపుగా మీద పడడం ఉండదు, ఖాళీ జాగా ఎక్కువ దొరుకుతుంది, రింగు చకచకా చేతులు మారుతుంది.

రింగు చిక్కాక 30 సెకన్లలో గోల్ మీదికి కొట్టాలి, లేదంటే ఎదుటి జట్టుకు ఇచ్చెయ్యాలి. గోలీ నిలబడే అర్ధచంద్రం గీతలోపల ఆమె తప్ప ఎవరూ అడుగు పెట్టరాదు. రింగు ఆమెకు చిక్కిందంటే ఐదు సెకన్లలో బయటికి పంపాలి. చాలాసార్లు అచ్చం టెన్నికాయిట్‌లోలా చేత్తోనే విసురుతుంది. నాకు ఆటలో అన్నిటికన్నా ఇష్టమైన ఘడియ అదే. ఇన్ని రూల్స్ వింటే ఆట నత్తనడక నడుస్తుందని అనిపిస్తుంది గానీ, మొదటిసారి చూసినవాళ్లకు రింగు ఎక్కడుందో కనుక్కోవడమే పెద్ద పని.

ఇది ఎలా పుట్టిందో చెబితే మీకు కొంచెం కోపం రావచ్చు. నాకైతే వచ్చింది.

1950లలో కెనడాలో మగపిల్లలకు హాకీ ఉండేది. ఆడపిల్లలకు స్కేట్లు ఇస్తే అందంగా గిరగిరా తిరగడానికి ఇచ్చేవాళ్లు, లేదా అన్నదమ్ముల మ్యాచ్ చూడడానికి తీసుకెళ్లేవాళ్లు. టొరంటోలో అబిగేల్ హాఫ్‌మన్ అనే చిన్న పిల్ల జుట్టు పొట్టిగా కత్తిరించుకుని, అబ్బాయిల జట్టులో అబ్బాయిలాగే ఆడింది. బాగా ఆడింది కూడా. 1956లో ఒక పోటీకి ఎంపిక చేసేటప్పుడు పుట్టిన తేదీ కాగితాలు చూశారు, గుట్టు బయటపడింది. ఆ తర్వాత అబ్బాయిలతో ఆడే దారి మూసుకుపోయింది. ఆ పిల్ల పెద్దయ్యాక పరుగు పందేల్లో కెనడా తరఫున నాలుగు ఒలింపిక్స్‌కి వెళ్లింది, అది వేరే కథ. అప్పటి ఆడపిల్లల పరిస్థితి ఏమిటో తెలియాలని చెప్పాను.

ఆ వాతావరణంలో 1963లో ఒంటారియో రాష్ట్రంలోని నార్త్ బే అనే ఊళ్లో శామ్ జాక్స్ అనే ఆయన ఆడపిల్లల కోసం ఒక ఆట ఆలోచించాడు. ఊరి పార్కులు, ఆటస్థలాలు చూసుకునే మున్సిపల్ అధికారి ఆయన. స్కాట్లాండ్‌లో పుట్టి ఇక్కడికి వచ్చినవాడు. తనకు ముగ్గురూ కొడుకులే. ఎస్పనోలా అనే కాగితం మిల్లు ఊరి నుంచి రెడ్ మెకార్తీ అనే ఇంకో అధికారి మొదటి రూల్స్ తయారు చేసి, అక్కడి హైస్కూల్ అమ్మాయిలతో ఆడించి చూశాడు. కర్రలంటే మొదట్లో హాకీ కర్రకు వంకర కోసేసినవే.

కోపం ఎందుకంటే, హాకీ ఆడపిల్లలకు మొరటు అనుకోవడం వల్లే కదా వేరే ఆట కావాల్సి వచ్చింది. వయసును బట్టి జట్లకు పెట్టిన పేర్లు చూసినా ఆ వాసన తగులుతుంది: బన్నీ, పెటీట్, బెల్, డెబ్. బన్నీ అంటే కుందేలు పిల్ల అని మీకు తెలుసు. పెటీట్ అంటే చిన్నారి, బెల్ అంటే అందగత్తె, డెబ్ అంటే ఈడొచ్చాక పార్టీల్లో తొలిసారి పరిచయమయ్యే అమ్మాయి. ఇప్పుడవి తీసేసి వయసు అంకెలే వాడుతున్నారు, మంచిపని చేశారు. కానీ ఇంకో వైపు కూడా చూడాలి. లోకంలో ఆడవాళ్లు ఆడే ఆటల్లో చాలావాటిని ముందు మగవాళ్ల కోసం తయారు చేసి, తర్వాత ఆడవాళ్లకు కాస్త జాగా ఇచ్చారు. రింగెట్‌లో ఆ వరస లేదు. ‘మహిళల రింగెట్’ అని ఎవరూ అనరు, అవసరం రాలేదు. ఎవరు ఏ ఉద్దేశంతో మొదలుపెట్టినా, ఆడి ఆడి దాన్ని వేగంగా, గట్టిగా మార్చుకున్నది అమ్మాయిలే. శామ్ జాక్స్ 1975లో పోయాక ఆయన భార్య ఆగ్నెస్ ఏళ్ల తరబడి ఈ ఆటకు ప్రచారం చేసింది.

1979లో యుహాని వాల్‌స్టెన్ అనే ఫిన్లాండ్ హాకీ ఆటగాడు దీన్ని తన దేశానికి తీసుకెళ్లాడు. ఇప్పుడు ప్రపంచ పోటీల్లో ఆ ఫిన్లాండే కెనడాను ఓడిస్తోంది! పుట్టినింటివాళ్లకు అది మింగుడుపడని విషయం. ఇక్కడ నలుగురు రింగెట్ తల్లిదండ్రులు కూర్చుంటే ఆ ప్రస్తావన రాకుండా ఉండదు.

ఇక జట్టు. కెనడాలో నేషనల్ రింగెట్ లీగ్ అని 2004లో మొదలైంది. మాంట్రియల్, కేంబ్రిడ్జ్, కాల్గరీ, ఎడ్మంటన్ లాంటి ఊళ్ల జట్లు ఆడతాయి. వాటిలో దేశానికి తూర్పు అంచున, సముద్రం పక్కన ఉన్న రాష్ట్రాల పేరు మోసేది అట్లాంటిక్ అటాక్. న్యూ బ్రన్స్‌విక్ రాష్ట్రంలోని మాంక్టన్, దాన్ని ఆనుకుని ఉన్న డియెప్ ఈ జట్టుకు సొంత ఊళ్లు. మాంక్టన్‌లో ఇంగ్లిష్ ఎక్కువ, డియెప్‌లో ఫ్రెంచ్ ఎక్కువ. కెనడాలో రెండు భాషలకూ అధికార హోదా ఉన్న రాష్ట్రం ఇదొక్కటే. మైదానం పక్కన నిలబడితే రెండు భాషల్లోనూ కేకలు వినిపిస్తాయి. ఒకే వాక్యంలో రెండూ కలిపేసేవాళ్లు కూడా ఉన్నారు, మన ఇళ్లలో తెలుగూ ఇంగ్లిషూ కలిసిపోయినట్టు.

ఒక్క ఊరి పిల్లలతో ఇలాంటి జట్టు నిలబడదు. ఇక్కడ జనాభా పల్చన, ఆడేవాళ్లు ఇంకా తక్కువ. అందుకే పక్క రాష్ట్రమైన నోవా స్కోషియా నుంచీ, ప్రిన్స్ ఎడ్వర్డ్ ఐలాండ్ అనే ద్వీపం నుంచీ కూడా అమ్మాయిలు వచ్చి చేరతారు. నోవా స్కోషియాలోని హాలిఫాక్స్ నుంచి మాంక్టన్‌కు సుమారు 260 కిలోమీటర్లు, అంటే హైదరాబాద్ నుంచి విజయవాడ అనుకోండి. ద్వీపం నుంచి వచ్చేవాళ్లు సముద్రం మీద దాదాపు 13 కిలోమీటర్ల వంతెన దాటాలి. జనవరిలో మంచు తుఫాను రోజున ఆ దారిలో కారు నడపడమంటే ఇంట్లో వాళ్లకు ఎంత టెన్షనో చెప్పక్కర్లేదు. ఇక బయటి ఊరి మ్యాచ్‌లంటే, మాంట్రియలే రోడ్డు మీద సుమారు వెయ్యి కిలోమీటర్ల దూరం. అంత దూరం పోయాక ఒక్క ఆట ఆడి వస్తే గిట్టదు కాబట్టి శని, ఆదివారాల్లో మ్యాచ్‌లు వరసగా పెడతారు. సోమవారం పొద్దున్న మళ్లీ ఎవరి పనికి వాళ్లు పోవాలి.

పని అన్నాను, గమనించారా? ఇది దేశంలో అన్నిటికన్నా పైమెట్టు లీగ్. అయినా ఆడేవాళ్లకు జీతాలు లేవు, వాళ్లే ఫీజు కట్టి ఆడతారు. కాలేజీలో చదివేవాళ్లు, ఉద్యోగాలు చేసేవాళ్లు, సాయంత్రం బ్యాగు భుజాన వేసుకుని ప్రాక్టీసుకి వచ్చేవాళ్లు. మ్యాచ్ రోజు తలుపు దగ్గర ఫిఫ్టీ-ఫిఫ్టీ టికెట్లు అమ్ముతారు. పోగైన డబ్బులో సగం లాటరీ తగిలినవాళ్లకు, సగం జట్టుకు. నాకు ఇంతవరకూ తగల్లేదు.

ఇంత ఖర్చు, శ్రమ పడి వీళ్లు ఆడడం వల్ల ఊరికి ఏమొస్తుందని మీరు అడగొచ్చు. మా మనవరాలి వయసు పిల్లల్ని చూస్తే నాకు సమాధానం కనిపిస్తుంది. ఈ పిల్లలు ప్రాక్టీసు చేసే అరీనాలోనే, అదే మంచు మీద, అటాక్ అమ్మాయిలు ఆడతారు. కొందరు చిన్నపిల్లల జట్లకు కోచ్‌లుగా కూడా సాయం చేస్తారు. టీవీలో కనిపించే హాకీ స్టార్‌ని ఈ పిల్లలు ఎప్పటికీ పలకరించలేరు. గోడ మీది ఫొటోలో ఉన్న అక్క మాత్రం వచ్చి స్కేట్ లేసు బిగించి కడుతుంది. పన్నెండేళ్ల పిల్లకు ఆట మానెయ్యాలని అనిపించే వయసులో ఇరవై నాలుగేళ్ల అమ్మాయి ఇంకా ఆడుతూ కళ్లెదుట ఉండడం చిన్న విషయం కాదు. ఏప్రిల్‌లో జరిగే జాతీయ పోటీల్లో కూడా లీగ్ జట్లతో పాటు 16, 19 ఏళ్ల లోపు జట్లు ఒకే చోట ఆడతాయి. ఒక మ్యాచ్ అయ్యాక పిల్లలు మెట్ల మీద కూర్చుని పెద్దవాళ్ల మ్యాచ్ చూస్తారు.

ఈ ఆటకు ఇబ్బందులు లేవని చెప్పను. అరీనాలు మున్సిపాలిటీవి, గంటల లెక్కన అద్దెకిస్తారు. మంచి వేళలన్నీ హాకీ వాళ్లు ముందే పట్టేస్తారు. ఆదివారం తెల్లవారుజామున మేము కాఫీ కప్పులతో వణుకుతూ కూర్చునేది అందుకే. దానికన్నా పెద్ద చిక్కు ఒలింపిక్స్. 1990 జనవరిలో ఒటావా పక్కన గ్లాస్టర్‌లో మొట్టమొదటి రింగెట్ ప్రపంచ పోటీలు జరిగాయి. రెండు నెలల తర్వాత ఒటావాలోనే మొదటి మహిళల హాకీ ప్రపంచ పోటీలు జరిగాయి. కెనడా అమ్మాయిలు గులాబీ రంగు జెర్సీలు వేసుకుని గెలిచారు. దాదాపు పక్కపక్కనే బయల్దేరిన రెండు ఆటల్లో ఒకటి 1998లో నాగానో ఒలింపిక్స్‌కి చేరింది. రెండోది చేరలేదు, ఎందుకంటే కెనడా, ఫిన్లాండ్, స్వీడన్, అమెరికా, ఇంకో ఒకటి రెండు దేశాలు దాటి దీన్ని గట్టిగా ఆడేవాళ్లు లేరు. నాగానోలో రజతం గెలిచిన కెనడా హాకీ జట్టులోని జూడీ డిడక్ మొదట రింగెట్ అమ్మాయే. అమెరికా కాలేజీల్లో హాకీకి స్కాలర్‌షిప్‌లు దొరుకుతాయి, రింగెట్‌కి దొరకవు. కాబట్టి బాగా ఆడే పిల్ల పద్నాలుగేళ్లకు హాకీకి మారితే తల్లిదండ్రుల్ని తప్పు పట్టలేం. అయినా దేశమంతటా సుమారు 30 వేల మంది ఇంకా దీన్నే ఆడుతున్నారు.

ఇది ఒకరోజు ఒలింపిక్స్‌కి వెళ్తుందని మా అల్లుడు నమ్మకంగా చెబుతాడు. నాకు ఆ నమ్మకం లేదు. అది లేకపోయినా అటాక్ లాంటి జట్లు ఉన్నంతకాలం ఆట ఎక్కడికీ పోదని మాత్రం అనుకుంటాను. 1991లో ప్రిన్స్ ఎడ్వర్డ్ ఐలాండ్‌లో జరిగిన కెనడా శీతాకాల క్రీడల్లో రింగెట్‌కు మొదటిసారి చోటు దొరికింది. ఇదే సముద్రం పక్కన ఉన్న చిన్న రాష్ట్రంలో జరిగిన ముచ్చట కాబట్టి ఇక్కడివాళ్లు దాన్ని ఇప్పటికీ తమ సొంతంలా చెప్పుకుంటారు.

మీరు నెట్‌లో రింగెట్ మ్యాచ్ వీడియో దొరికితే చూడండి. మొదటి ఐదు నిమిషాలు రింగు వెంట కళ్లు పరుగెత్తించకండి, అలిసిపోతారు. నీలం గీతకు అవతల ఏ అమ్మాయి ముందే వెళ్లి నిలబడుతోందో చూడండి, రింగు ఆమె దగ్గరికే వస్తుంది. చూశాక మీ టెన్నికాయిట్ రింగుతో, ఇంట్లో పనికిరాని కర్రలతో బడి గ్రౌండ్‌లో ఒకసారి ఆడి ఎలా ఉందో నాకు రాయండి. పీఈటీ సార్‌ని అడిగి మొదలుపెట్టండి, కిటికీ అద్దాలు పగిలితే నా పేరు చెప్పొద్దు.

ఆశీస్సులతో,
మీ అమ్మమ్మ