భీమవరం దారికి కరెంటు ఇంజన్ ఎందుకంత ఆలస్యం?

గోదావరి డెల్టాకు కరెంటు రైలింజన్ కొత్తేమీ కాదు. విజయవాడ నుంచి రాజమండ్రి మీదుగా విశాఖ దాకా మెయిన్ లైనుకు 1997 నాటికే 25 వేల వోల్టుల తీగ పడింది. రాజమండ్రి దగ్గర గోదావరి మీద 1900 నుంచి బండ్లను మోసిన హేవలాక్ వంతెన ఆ ఏడాదే తప్పుకుంది. అయినా భీమవరం, పాలకొల్లు, నర్సాపురం జనం మరో రెండు దశాబ్దాలు డీజిల్ ఇంజన్ వెనకే వెళ్లారు.

విజయవాడ నుంచి గుడివాడ, భీమవరం మీదుగా వెళ్లి నిడదవోలు దగ్గర మెయిన్ లైనులో కలిసే ఈ దారిది మొదటి నుంచీ రెండో వరసే. 1928లో గుడివాడ నుంచి భీమవరానికి వేసింది మీటర్ గేజ్, అంటే ఇరుకు పట్టాలు. నిడదవోలు–నర్సాపురం బ్రాడ్‌గేజ్ (వెడల్పు పట్టాల) లైను కూడా ఆ ఏడాదే వచ్చింది. గుడివాడ వైపు పట్టాలు వెడల్పయ్యేసరికి 1960లు వచ్చాయి. తర్వాత కూడా చాలాకాలం ఒకటే లైను. ఎదురు బండి కోసం స్టేషన్లో పడిగాపులు మామూలే.

మెయిన్ లైనుకే తీగ ఉంటే చిక్కేమిటంటే, భీమవరం మీదుగా తిరిగే బండికి దారిలో ఇంజన్ మార్చాలి. కప్లింగ్ విప్పి, బ్రేకు గొట్టాలు విడదీసి, డీజిల్ ఇంజన్ తగిలించి, గాలి ఒత్తిడి సరిచూశాకే బండి కదులుతుంది. ఆ తంటా వద్దనుకుంటే తీగ కింద కూడా డీజిల్‌తోనే లాగాలి. మెయిన్ లైను మీద ఏదైనా అడ్డం పడి బండ్లను ఇటు మళ్లించినా ఇదే బాధ.

బలంలోనూ తేడా ఉంది. పాత డబ్ల్యూడీఎం-2 డీజిల్ ఇంజన్‌ది 2,600 హార్స్‌పవర్. డబ్ల్యూఏపీ-4 కరెంటు ఇంజన్‌ది 5,000, డబ్ల్యూఏపీ-7ది 6 వేల పైమాటే. కరెంటు పుట్టించే యంత్రాన్ని మోసే పని లేదు, తీగ నుంచి తీసుకుంటే చాలు. తణుకు, అత్తిలి, ఆకివీడు, కైకలూరు అంటూ ఆగుతూ పోయే బండికి ఆగిన ప్రతిచోటా వేగం అందుకోవడమే ముఖ్యం.

విజయవాడ, గుడివాడ, భీమవరం, నర్సాపురం, నిడదవోలు, మచిలీపట్నం కలిపి 221 కిలోమీటర్ల డబ్లింగ్ (రెండో లైను వేయడం), విద్యుదీకరణ 2011–12లో మంజూరయ్యాయి. పని ముగిసేసరికి దాదాపు పుష్కరం పట్టింది. రెండో లైనుకు భూమి కావాలి, మెత్తటి నల్లరేగడిలో కట్ట నిలవాలి, అడుగడుక్కీ కాలువ మీద వంతెన కావాలి. ఉన్న ఒక్క లైనుకు తీగ వేయడానికి ఇవేవీ అంతగా అవసరం లేదు. ఆ పని 1997 తర్వాత వెంటనే విడిగా చేసి ఉండాల్సిందని నా గట్టి అభిప్రాయం.

కోనసీమకైతే పట్టాలే లేవు. కోటిపల్లి–నర్సాపురం లైను మంజూరై రెండు దశాబ్దాలు దాటింది. గౌతమి, వైనతేయ, వశిష్ఠ మూడింటినీ దాటాలి. అమలాపురం వాళ్లు రైలెక్కాలంటే ఇప్పటికీ బస్సులో రాజమండ్రో కాకినాడో పోతున్నారు.