అసెట్ మేనేజ్‌మెంట్ ఇంటర్వ్యూలు: విశాఖ విద్యార్థుల్లో ఉన్న అపోహలు, అసలు వాస్తవాలు

మ్యూచువల్ ఫండ్ రీసెర్చ్‌లో చాలాకాలంగా పనిచేస్తున్నాను. అసెట్ మేనేజ్‌మెంట్ (మదుపరుల డబ్బును షేర్లు, బాండ్లలో పెట్టి నిర్వహించే) కంపెనీల్లో ఉద్యోగాల కోసం విశాఖలో డిగ్రీ, ఎంబీఏ చదివేవాళ్లకు మాక్ ఇంటర్వ్యూలు చేస్తుంటాను. వాళ్ల తెలివికి లోటు లేదు. కానీ ఎవరెవరో చెప్పిన మాటలు నమ్మి, చదవాల్సినవి వదిలేసి అక్కర్లేనివి బట్టీ పడుతుంటే బాధేస్తుంది. నేను ఎక్కువగా వినే అపోహలు ఇవి.

అపోహ: షేరు గురించి అడిగితే రిలయన్సో, టీసీఎస్సో చెబితే సేఫ్.

వాస్తవం: "మీకు నచ్చిన ఒక కంపెనీ గురించి చెప్పండి" అన్న ప్రశ్న రీసెర్చ్ ఇంటర్వ్యూల్లో దాదాపు తప్పదు. పెద్ద కంపెనీ పేరు చెప్పడం తప్పేమీ కాదు. అయితే అడిగేవాళ్లు ఆ కంపెనీని ఏళ్ల తరబడి చూస్తూ ఉంటారు, మీరు చెప్పేదంతా వాళ్లు ముందే విని ఉంటారు. మీ చుట్టుపక్కల వ్యాపారమైతే మీ దగ్గర వాళ్లకు తెలియని సంగతి ఒకటైనా ఉంటుంది.

అవంతి ఫీడ్స్‌నే తీసుకోండి. రిజిస్టర్డ్ ఆఫీసు విశాఖలోనే ఉంది. ఆదాయంలో పెద్ద వాటా రొయ్యల మేతది, ఆ తర్వాత రొయ్యల ప్రాసెసింగ్, ఎగుమతి. మేతకు చేపపొడి, సోయా పిండి కావాలి. వాటి ధర పెరిగితే, ఆ భారాన్ని రైతు మీద ఎంతవరకు వేయగలరన్నదాన్ని బట్టి మార్జిన్ ఉంటుంది. రొయ్యకు గిట్టుబాటు ధర రాకపోతే రైతు సీడ్ (రొయ్య పిల్లలు) వేయడం తగ్గిస్తాడు, మేత అమ్మకాలూ తగ్గుతాయి. 2025లో అమెరికా సుంకాలు పెంచినప్పుడు ఆక్వా జిల్లాల్లో అందరూ దీని గురించే మాట్లాడుకున్నారు. చెరువులున్న బంధువులు ఉంటే ఫోన్ చేయండి. ఈ పంటకు ఎన్ని ఎకరాల్లో సీడ్ వేశారు, మేత అప్పుకు ఇస్తున్నారా, నగదుకేనా అని అడగండి. ఆ తర్వాత యాన్యువల్ రిపోర్టు తెరిచి, కంపెనీకి రావాల్సిన బాకీలు పెరిగాయో తగ్గాయో చూడండి. మీ మామయ్య చెప్పిన మాట, బ్యాలెన్స్ షీట్‌లోని అంకె ఒకదానితో ఒకటి సరిపోతున్నాయా లేదా అని చూడటమే అనలిస్టు పని.

ఇక్కడితో సగమే అయింది. కంపెనీ బాగుంటే షేరు కూడా బాగున్నట్టే అనుకుని చాలామంది ఆగిపోతారు. ఈ ధరకు కొనవచ్చా, మార్కెట్ ఇప్పటికే ఎంత లాభాన్ని ఊహించి ధర కట్టింది, ఏం జరిగితే మీ అభిప్రాయం మార్చుకుంటారు? ఈ మూడింటికీ జవాబు సిద్ధం చేసుకోండి. మూడోదానికి నిజాయితీగా జవాబు చెప్పేవాళ్లు నాకు చాలా అరుదుగా కనిపిస్తారు. అలాంటి అభ్యర్థిని వదులుకోవాలనిపించదు.

గాజువాక వైపు పిల్లలకు ఒక మాట. స్టీల్ ప్లాంట్ గురించి మీకు ఎంత తెలిసినా, దాన్ని నడిపే ఆర్‌ఐఎన్‌ఎల్ షేరు మార్కెట్లో లేదు, కాబట్టి కొనమని చెప్పలేరు. కానీ ఆ ప్లాంటుకు సొంత ఇనుప ఖనిజం గనులు లేకపోవడం ఎంత భారమో మీ ఇంట్లోనే వినుంటారు. సొంత గనులున్న టాటా స్టీల్, సెయిల్‌లకు టన్ను ఉక్కు తయారీ ఖర్చు ఎలా ఉంటుందో పోల్చి చూడండి. మంచి చర్చకు అది చాలు.

అపోహ: ఆప్షన్స్‌లో (షేర్ల ధర ముందుముందు ఎటు వెళ్తుందన్నదాని మీద చేసే కాంట్రాక్టుల్లో) లాభాల స్క్రీన్‌షాట్ చూపిస్తే ఇంప్రెస్ అవుతారు.

వాస్తవం: 2024 సెప్టెంబరులో మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ విడుదల చేసిన అధ్యయనం ప్రకారం, 2021-22 నుంచి 2023-24 వరకు మూడేళ్లలో ఫ్యూచర్స్, ఆప్షన్స్‌లో వ్యక్తిగత ట్రేడర్లలో 93 శాతం మంది నష్టపోయారు. అడిగేవాళ్లకు ఇది తెలుసు. "ఎంత రిస్క్ తీసుకున్నారు?" అన్న వెంటనే సంభాషణ మీకు ఎదురు తిరుగుతుంది. పెట్టుబడి పెట్టడానికి డబ్బు లేకపోవడం లోపం కాదు. ఐదు షేర్లు ఎంచుకుని, ఎందుకు ఎంచుకున్నారో తేదీ వేసి నోట్‌బుక్‌లో రాసుకోండి. ఆ నోట్‌బుక్ ఇంటర్వ్యూకి తీసుకెళ్లవచ్చు.

అపోహ: లెక్కలన్నీ ఎక్సెల్ చూసుకుంటుంది.

వాస్తవం: నోటితోనే అడుగుతారు. 50 శాతం పడిన ఫండ్ పాత చోటికి రావాలంటే 100 శాతం పెరగాలి. డ్యూరేషన్ (వడ్డీ రేట్లు మారితే బాండ్ ధర ఎంత మారుతుందో చెప్పే కొలత) 7 ఉన్న బాండ్ ఫండ్, వడ్డీ రేట్లు 1 శాతం పెరిగితే సుమారు 7 శాతం పడుతుంది. ఎన్‌ఏవీ (ఫండ్‌లో ఒక యూనిట్ విలువ) 10 రూపాయలున్న ఫండ్ 100 రూపాయల ఫండ్ కంటే చవక అనడం మాత్రం ఈ రంగంలో క్షమించలేని తప్పు.

డెట్ ఫండ్ల (బాండ్లలో పెట్టుబడి పెట్టే ఫండ్ల) గురించి చదివేటప్పుడు 2020 ఏప్రిల్ 23న ఫ్రాంక్లిన్ టెంపుల్టన్ ఆరు డెట్ పథకాలను మూసేసిన సంగతి తప్పక చదవండి. రేట్లు పెరగడం వల్ల వచ్చిన సమస్య కాదది. తక్కువ రేటింగ్ బాండ్లు, కోవిడ్ భయంతో డబ్బు వెనక్కి అడిగిన మదుపరులు, కొనేవాళ్లు లేని మార్కెట్. క్రెడిట్ రిస్క్ (ఇచ్చిన అప్పు తిరిగి రాదేమోనన్న ముప్పు), లిక్విడిటీ రిస్క్ (అమ్మాలంటే కొనేవాళ్లు దొరకని ముప్పు) కలిసి వస్తే ఏమవుతుందో అర్థం కావడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

అపోహ: సీఎఫ్‌ఏ (పెట్టుబడి విశ్లేషకుల అంతర్జాతీయ సర్టిఫికేషన్) లేకపోతే పిలవరు.

వాస్తవం: ఉంటే మంచిదే. డిగ్రీ పూర్తి కావడానికి 23 నెలల్లోపు సమయం ఉన్నవాళ్లు లెవెల్ 1 రాయవచ్చు. ఫీజు భారమనిపిస్తే సెబీ ఏర్పాటు చేసిన శిక్షణ సంస్థ ఎన్‌ఐఎస్‌ఎం నిర్వహించే రీసెర్చ్ అనలిస్ట్ పరీక్షతో మొదలుపెట్టండి. సేల్స్ వైపు వెళ్లేవాళ్లకు అదే సంస్థ పెట్టే మ్యూచువల్ ఫండ్ పంపిణీదారుల పరీక్ష, సిరీస్ 5ఏ.

అపోహ: ఫండ్ మేనేజరే ఉద్యోగం, అదీ ముంబైలోనే.

వాస్తవం: పెట్టుబడి నిర్ణయాలు తీసుకునే ఉద్యోగాలు ఎక్కువగా ముంబైలో ఉన్న మాట నిజమే. కానీ ఫండ్ అకౌంటింగ్, ఆపరేషన్స్, రిస్క్, కంప్లయన్స్‌లో ఫ్రెషర్లకు దారి ఉంది. ఫ్రాంక్లిన్ టెంపుల్టన్, ఇన్వెస్కోలకు హైదరాబాద్‌లో ఆఫీసులున్నాయి. మ్యూచువల్ ఫండ్ మదుపరుల రికార్డులు చూసే కేఫిన్‌టెక్ కేంద్రమే అక్కడ. ఆపరేషన్స్ ఇంటర్వ్యూలో కూర్చుని స్టాక్ పికింగ్ గురించి మాట్లాడకండి. ఎన్‌ఏవీ రోజూ ఎలా లెక్కకడతారు, టీ ప్లస్ 1 సెటిల్‌మెంట్ అంటే ఏమిటి, ఇవి చదివి వెళ్లండి.

అపోహ: ఇంగ్లీషు గడగడా రాకపోతే కష్టం.

వాస్తవం: ఈ టెన్షన్‌తో బాగా చదివిన పిల్లలు కూడా నోరు విప్పరు. స్పష్టంగా మాట్లాడితే చాలు. ముందు మీ కంపెనీ కథను తెలుగులో, ఫైనాన్స్ తెలియని అమ్మకో చెల్లికో చెప్పండి. వాళ్లకు అర్థమైతే దాన్నే చిన్న చిన్న ఇంగ్లీషు వాక్యాల్లో పెట్టండి. జవాబు తెలియకపోతే తెలియదని చెప్పి, కనుక్కోవాలంటే ఎక్కడ వెతుకుతారో చెప్పండి. వీడియోలు చూస్తూ ఒంటరిగా ప్రిపేర్ కావద్దు. ద్వారకానగర్ లైబ్రరీలో చదువుకుని, సాయంత్రం బయట ఇద్దరు స్నేహితులతో కూర్చోండి. మీరు చెప్పే ప్రతి వాక్యానికీ "ఎందుకు?" అని అడగమనండి. ఎక్కడ ఆగిపోయారో రాసుకుని, మర్నాడు యాన్యువల్ రిపోర్టులో ఆ భాగం మళ్లీ చదవండి.