ఒళ్లో పడుకున్న సోనామీటర్

"హవాయి గిటార్ మెడ అంత లావుగా ఉంటుందేం, వేళ్లతో చుట్టేదెలా?" అని ఒకరడిగారు. చుట్టరు కాబట్టే అంత లావు! ఒళ్లో వెల్లకిలా పడుకోబెట్టి, పైనుంచి ఉక్కు కడ్డీ ఆనించి వాయిస్తారు. 1920ల్లో లాస్ ఏంజిలస్‌లో హెర్మన్ వైసెన్‌బార్న్ చేసినవాటిలో మెడ కూడా డొల్లే, పలచటి కోవా చెక్కతో కట్టిన ఒకటే పొడవాటి గాలిగది. కోవా హవాయి చెట్టు, మన తుమ్మకి చుట్టం.

సరే, నా మోజంతా ఆ కడ్డీ మీదే.

ఇంటర్ ల్యాబ్‌లో సోనామీటర్, అదే తీగ బిగించిన చెక్కపెట్టె, గుర్తుందా? తీగ కింది ఆనిక, అంటే బ్రిడ్జి, జరుపుతూ పోతే తీగ మీది కాగితం ముక్క ఎగిరిపడేది, మనం పొడవు కొలిచి రాసుకునేవాళ్లం. చెవి పెట్టి వినమని మాత్రం ఎవరూ చెప్పలేదు, అదే నా బాధ! ఈ గిటార్ అచ్చంగా అదే, జరిగే బ్రిడ్జి ఇక్కడ చేతిలో ఉంటుంది. తీగ కింద చెక్కకి తగలకూడదని తీగల్ని బాగా ఎత్తులో కడతారు. గట్టిగా నొక్కితే తీగ వంగి, బిగువు పెరిగి, శ్రుతి పైకి పోతుంది, అందుకే ఆనించాలి, అంతే.

మరి కడ్డీకి అంత బరువెందుకు? వేలితో ఆనిస్తే మెత్తటి కండ కంపనాన్ని పీల్చేసుకుంటుంది, మోత చప్పున చచ్చిపోతుంది. సన్న తీగ బరువు గ్రాముకి లోపే, కడ్డీ వంద గ్రాములు దాటుతుంది. తీగలో పరిగెత్తుకొచ్చిన అల ఆ బరువుని కదపలేక దాదాపు మొత్తంగా వెనక్కి తిరిగిపోతుంది, అందుకే నాదం చాలాసేపు నిలుస్తుంది. నిలిచిన నాదాన్నే కదా జార్చగలం! వీణలాంటి మన గోటువాద్యంలో జారుగమకాలు పలికేదీ ఇలా తీగ మీద కర్ర ముక్కని జరిపే.

తంటా ఏమిటంటే, కడ్డీకి అవతల మిగిలిన తీగ కూడా మోగుతుంది. అందుకే కడ్డీ వెనకాల మిగతా వేళ్లని తీగల మీద ఈడుస్తూ దాని నోరు నొక్కుతారు.

ఇంకొకటి, మెడ మీద మెట్ల గీతలున్నా అవి గుర్తులే, ఆపేవి కావు. తీగ 635 మిల్లీమీటర్లనుకోండి. పక్కపక్క స్వరస్థానాల మధ్య దూరాన్ని నూరు పాళ్లు చేస్తే, తీగ మొదట్లో ఒక మిల్లీమీటరు తప్పితే దాదాపు మూడు పాళ్ల అపశ్రుతి, సగం తీగ దగ్గర అదే మిల్లీమీటరుకి ఐదున్నర. పైస్థాయిలో వాయించేవాళ్లు గీతల్ని వదిలేసి చెవినే నమ్ముకునేది ఇందుకే.