కదలని బొమ్మ కదిలినట్టుంటే ఒత్తిడి ఉన్నట్టా?

ఒక రంగుల బొమ్మ. దాని కింద ఓ హెచ్చరిక. బొమ్మ నిలకడగా కనిపిస్తే మనసు ప్రశాంతంగా ఉన్నట్టు, మెల్లగా కదిలితే అలసిపోయినట్టు, జోరుగా తిరిగితే తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టు. 2018 చివర్లో ఈ సందేశం ప్రపంచమంతా చుట్టివచ్చింది. యమమోటో హషిమా అనే జపాన్ వైద్యుడు దాన్ని తయారుచేశాడని ప్రచారం జరిగింది. అలాంటి వైద్యుడెవరూ లేడు. ఆ బొమ్మను 2016లో కంప్యూటర్ మీద గీసింది యూరీ పెరెపాద్యా అనే ఉక్రెయిన్ చిత్రకారుడు. రంగు నేపథ్యం మీద నలుపు, తెలుపు గీతలు వేస్తే కదలిక భ్రమ పుడుతుందని, ఈ పద్ధతిని జపాన్‌కు చెందిన మనస్తత్వ శాస్త్ర ఆచార్యుడు అకియోషి కితావొకా నుంచి తీసుకున్నానని ఆయనే బయటికొచ్చి చెప్పాడు. అయినా ఆ బొమ్మ, అలాంటివే మరికొన్ని ఇప్పటికీ ఫోన్లలో తిరుగుతూనే ఉన్నాయి. అసలే దిగులుతో నిద్రపట్టని మనిషికి ఇలాంటి సందేశం అందితే ఎంత బెంగ పెట్టుకుంటాడో పంపేవాళ్లు ఆలోచించరు. అందుకే దీని పూర్వాపరాలు చెప్పుకోవడం అవసరం.

కదలనిది కదిలినట్టు అనిపించడం కొత్త సంగతేమీ కాదు. పారే నీటిని చూసి చూపు తిప్పుకుంటే నిశ్చలంగా ఉన్నవి కూడా కదులుతున్నట్టు ఉంటాయని కలల గురించి రాస్తూ అరిస్టాటిల్ ప్రస్తావించాడు. ఆ తర్వాత చాలాకాలం దీన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

1834లో రాబర్ట్ ఆడమ్స్ అనే ఆయన స్కాట్లండ్‌లో లాక్ నెస్ సరస్సు పక్కనున్న ఫాయర్స్ జలపాతం చూడటానికి వెళ్లాడు. దూకుతున్న నీటిలో ఒకచోట కొన్ని క్షణాలు రెప్పవాల్చకుండా చూసి, వెంటనే పక్కనున్న నల్లటి పాత రాళ్ల వైపు చూపు మరల్చాడు. నీళ్లు ఎంత వేగంగా కిందికి పడుతున్నాయో అంతే వేగంతో ఆ రాళ్లు పైకి లేస్తున్నట్టు కనిపించాయి. చూసింది చూసినట్టు రాసి పత్రికలో ప్రచురించాడు. అందువల్లే ఈ భ్రమకు తర్వాత జలపాతం పేరు స్థిరపడింది. ఆయన చెప్పిన కారణం మాత్రం నిలవలేదు. నీటి వెంట తెలియకుండా జారే అలవాటు కళ్లకు కాసేపు మిగిలిపోతుందని, అందుకే రాళ్లు కదిలినట్టు ఉంటాయని ఆయన అనుకున్నాడు.

ఆ వివరణను దెబ్బతీసింది ఒక సుడిగీత. బెల్జియం శాస్త్రవేత్త జోసెఫ్ ప్లాటో 1849లో తిరిగే సుడిగీతతో ప్రయోగం చేశాడు. సుడి లోపలికి ముడుచుకుపోతున్నట్టు తిరుగుతుండగా చూసి, తర్వాత ఎదుటివారి ముఖం చూస్తే అది అన్ని వైపులకూ ఉబ్బుతున్నట్టు అనిపిస్తుంది. కన్ను ఒకేసారి అన్ని దిక్కులకూ జారలేదు కదా! అంటే కారణం కనుగుడ్డు కదలికలో లేదు, చూపును అర్థం చేసుకునే నాడీ వ్యవస్థలోనే ఉంది. ఇంకో విషయం కూడా చెప్పాలి. ఈ ప్రయోగం నాటికి ప్లాటో చూపు కోల్పోయి కొన్నేళ్లయింది. తాను చూడలేని భ్రమలను ఇతరుల కళ్లతో పరిశోధించాడాయన.

అసలు యంత్రాంగం బయటపడటానికి మరో శతాబ్దం పట్టింది. 1963లో హొరేస్ బార్లో, రిచర్డ్ హిల్ అనే శాస్త్రవేత్తలు కుందేలు రెటీనాలోని, అంటే కంటి వెనకనుండే పొరలోని, కణాలను పరిశీలించారు. ఒక దిశలో సాగే కదలికకే స్పందించే కణాలు అందులో ఉన్నాయి. ఆ కదలికను చాలాసేపు చూపిస్తే వాటి స్పందన తగ్గుతూ వచ్చింది. కదలిక ఆగగానే మామూలు స్థాయి కన్నా కిందికి పడిపోయింది. ఎదురు దిశను చూసే కణాలు మాత్రం ఎప్పటిలాగే ఉన్నాయి. త్రాసులో ఒక పళ్లెం బరువు తగ్గితే రెండోది దానంతటదే దిగినట్టు, మెదడు ఆ తేడాను ఎదురు కదలికగా లెక్కగడుతుంది.

మరోవైపు, విడివిడి బొమ్మలు కలిసి కదలికగా ఎలా మారతాయన్న పరిశోధన కూడా సాగింది. ప్లాటో, వియన్నాలో సైమన్ స్టాంఫర్ ఒకరికొకరు తెలియకుండా దాదాపు ఒకే సమయంలో, 1832-33 ప్రాంతంలో, తిరిగే పలకల మీద బొమ్మలు ఆడించారు. 1912లో మాక్స్ వెర్ట్‌హైమర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త దాన్ని కొలిచి చూపాడు. రెండు గీతలను ఒకదాని తర్వాత ఒకటి సుమారు 60 మిల్లీసెకన్ల తేడాతో చూపిస్తే, ఒకే గీత అక్కణ్నుంచి ఇక్కడికి జరిగినట్టు కనిపిస్తుంది. వ్యవధి ఇంకా తగ్గిస్తే రెండూ ఒకేసారి వెలిగినట్టు, బాగా పెంచితే విడివిడిగా వచ్చినట్టు ఉంటుంది. పెళ్లి పందిళ్లకు కట్టే సీరియల్ లైట్లు పరుగెత్తేదీ ఇందుకే. అక్కడ బల్బులు ఆరి వెలుగుతాయంతే, ఏదీ చోటు మారదు.

ఇక ఫోన్లలో తిరిగే రకం. ఇందులో కాగితం మీది బొమ్మ దానంతటదే కదులుతున్నట్టు ఉంటుంది. 1979లో ఫ్రేజర్, విల్‌కాక్స్ అనే పరిశోధకులు క్రమంగా ముదురు నుంచి లేతకు మారే పట్టీలతో ఇలాంటి బొమ్మను ప్రచురించారు. దాన్ని పదునుపెట్టింది క్యోటోలోని రిట్సుమేకన్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు కితావొకా. 2003లో ఆయన గీసిన తిరిగే పాముల బొమ్మే ఈ తరహాలో అన్నిటికన్నా ప్రసిద్ధం. పక్కపక్కనే పేర్చిన చుట్టలు, ప్రతి చుట్టలోనూ నలుపు, నీలం, తెలుపు, పసుపు అదే వరుసలో మళ్లీ మళ్లీ వస్తాయి. ఒక చుట్ట మధ్యలోకి చూపు గుచ్చి చూడండి, అది ఆగిపోతుంది. చుట్టూ ఉన్నవి మాత్రం తిరుగుతుంటాయి. వాటిలో ఒకదాన్ని పట్టుకుందామని చూపు అటు తిప్పితే అదీ ఆగుతుంది, వదిలేసినది కదలడం మొదలెడుతుంది. ఈ కదలిక చూపు అంచుల్లోనే పుడుతుంది.

కారణం మీద ఇంకా చర్చ నడుస్తోంది. బలంగా వినిపించే వాదన ఇది. నేపథ్యంతో ఎక్కువ తేడా ఉన్న నలుపు, తెలుపు సంకేతాలు నాడీకణాల్లో ముందుగా నమోదవుతాయి, నీలం, పసుపు కాస్త ఆలస్యమవుతాయి. ఈ సమయం తేడానే కదలికను పసిగట్టే కణాలు కదలికగా పొరబడతాయి. 2005లో కోతుల మెదడులో జరిపిన పరిశోధన దీన్ని సమర్థించింది. 2012లో మరో బృందం, చూసేవారి కళ్ల కదలికలను కొలుస్తూ, తిరగడం మొదలైనట్టు అనిపించినప్పుడల్లా ఒక మీట నొక్కమంది. రెప్పపాటు, చూపులో కలిగే అతి చిన్న కుదుపులు జరిగిన వెంటనే తిరుగుడు మొదలవుతున్నట్టు తేలింది. ఆ కుదుపులు ఎంత ప్రశాంతంగా ఉన్నవారి కళ్లలోనైనా ఉంటాయి.

ఒత్తిడి కథను పూర్తిగా కొట్టిపారేసే ఆధారాలు మరో రెండున్నాయి. 2018లో జపాన్ పరిశోధకులు, వీడియోలు చూసి తర్వాతి దృశ్యాన్ని ఊహించేలా తర్ఫీదిచ్చిన ఒక కంప్యూటర్ ప్రోగ్రాంకు ఈ పాముల బొమ్మ చూపించారు. అది కూడా చుట్టలు తిరుగుతాయనే అంచనా వేసింది. 2020లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో ఇదే కోవకు చెందిన నమూనాలను పండు ఈగల ముందు పెడితే, నిజమైన కదలికను చూసినట్టే అవి ఒళ్లు తిప్పాయి.

అందరికీ ఈ కదలిక ఒకే స్థాయిలో కనిపించదు, కొందరికి అసలే కనిపించదు. అందులో గొప్పా లేదు, జబ్బూ లేదు. ఎక్కువసేపు చూస్తే కొందరికి తల తిరుగుతుంది, అలాంటప్పుడు పేజీ మూసేయమని కితావొకా తన వెబ్‌సైట్‌లోనే హెచ్చరించాడు. బొమ్మ కాకుండా ఇంట్లో గోడలు, నేల తరచూ కదులుతున్నట్టు అనిపిస్తుంటే మాత్రం వైద్యుణ్ని కలవాలి. అది లోచెవికో, నాడులకో సంబంధించిన సమస్య కావచ్చు. నిద్ర, ఆకలి వారాల తరబడి గాడి తప్పినా, దిగులు వదలకపోయినా అంతే, వైద్యుణ్ని కలవాలి, బొమ్మ కదిలిందా లేదా అన్నదానితో పని లేదు.